మృదంగాన్ని కొలిచిన అకౌంట్స్ ఆఫీసర్

హయత్‌నగర్ చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్లినా కొన్ని వాదనలు ఎప్పటికీ తేలవు. వాటిలో స్పీకర్ల వాదన ఒకటి. ఒకడు ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్ చూపించి, గీత ఇంత చదునుగా ఉంది కాబట్టి ఇదే మంచి స్పీకర్ అంటాడు. ఇంకొకడు గ్రాఫ్ పక్కన పెట్టు, పాట పెట్టి విను, చెవికి బాగుంటే అదే మంచిది అంటాడు. మూడోవాడికి రెండూ అక్కర్లేదు. బోనాల ఊరేగింపులో పెట్టే బాక్సుల్లాగా బేస్ గుండెల్లో దడదడలాడాలి, అంతే.

చూడ్డానికి ఇది టైంపాస్ గొడవలా ఉంటుంది. కానీ దీని అడుగున అసలైన ప్రశ్న ఒకటుంది. శబ్దం బాగుందా లేదా అని తేల్చేది చెవా, కొలతా? చెవి చెప్పేదాన్ని కొలత పట్టుకోగలదా? చెవి ఒకటి చెప్పి, మీటర్ ఇంకొకటి చెబితే ఎవర్ని నమ్మాలి?

ఇప్పుడు మనం చూసే రకం కాయిల్ స్పీకర్‌ని అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ప్రపంచానికి చూపించారు. అంతకు పదేళ్ల ముందు నుంచే మన దేశంలో ఒకాయన ఈ ప్రశ్న మీద పనిచేస్తున్నారు. ఆయన చేతిలో స్పీకర్ లేదు. వయొలిన్, వీణ, తంబురా, మృదంగం ఉన్నాయి. పగలంతా ఆయన ప్రభుత్వ లెక్కల ఆఫీసులో ఉద్యోగి. ఆయన పేరు మనందరికీ తెలుసు: చంద్రశేఖర వెంకట రామన్.

రామన్ అనగానే మనకి గుర్తొచ్చేవి కాంతి, నోబెల్, ఫిబ్రవరి 28. స్కూల్లో మనం నేర్చుకున్నది అంతే. కానీ కాంతి దగ్గర స్థిరపడకముందు దాదాపు పదేళ్ల పాటు ఆయన ఎక్కువగా పనిచేసింది శబ్దం మీద. ఈ వ్యాసం ఆ రామన్ గురించి.

విశాఖలో బాల్యం

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైకావల్‌లో పుట్టారు. తమిళ కుటుంబం. కానీ ఆయన ఊహ తెలిసింది మన విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కి 1892లో విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. అప్పటికి రామన్‌కి నాలుగేళ్లు. సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. పదమూడేళ్లకి ఎఫ్.ఎ. అయిపోయింది. మన లెక్కలో చెప్పాలంటే, మనం ఎనిమిదో తరగతిలో ఉండే వయసుకి ఆయన ఇంటర్ పూర్తి చేశారు.

ఆ ఇంట్లో రెండు రకాల వస్తువులు ఉండేవి: ఫిజిక్స్ పుస్తకాలు, సంగీతం. తండ్రికి సంగీతమంటే ఇష్టం. అన్న సుబ్రహ్మణ్య అయ్యర్ తర్వాత రోజుల్లో కర్ణాటక సంగీతం మీద పుస్తకాలే రాశారు. ఈ రెండూ ఒకే చోట కలవడం రామన్ జీవితాన్ని ఒక దారిలో పెట్టింది.

పద్నాలుగేళ్లు నిండీ నిండకముందే మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. 1904లో బి.ఎ. మొదటి ర్యాంకు, ఫిజిక్స్‌లో బంగారు పతకం. 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన మొదటి పరిశోధన పత్రం లండన్ నుంచి వచ్చే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఆ రోజుల్లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ రాసిన ఒక పుస్తకం ఆయన చేతికొచ్చింది. స్వరాలు చెవికి ఎందుకు ఇంపుగా ఉంటాయి, ఎందుకు కటువుగా ఉంటాయి అని భౌతికశాస్త్రంతో వివరించే పుస్తకం అది. 1863లో మొదటిసారి వెలువడింది. తన జీవితం మీద బలంగా ముద్ర వేసిన మూడు పుస్తకాల్లో అదొకటని రామన్ తర్వాత చెప్పుకున్నారు.

ప్లేస్‌మెంట్ ఒక పక్క, ప్రయోగం ఒక పక్క

తెలివైన కుర్రాడు, ఇంగ్లండ్ వెళ్లి పరిశోధన చేసుకోవాల్సింది. కానీ మద్రాసు సివిల్ సర్జన్ పరీక్షించి, ఈ బక్కపల్చని ఆరోగ్యం ఇంగ్లండ్ చలికి ఆగదని తేల్చేశారు. ఇండియాలో ఉండి పరిశోధన చేద్దామంటే ఉద్యోగాలు లేవు. ఇక మిగిలింది ప్రభుత్వ ఆర్థిక శాఖ పరీక్ష. రాశారు, పాసయ్యారు. 1907లో, పంతొమ్మిదేళ్లు నిండకుండానే, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అదే ఏడాది లోకసుందరితో పెళ్లి. ఆమె వీణ వాయించేవారు. కట్నం వద్దని, సంబంధం తానే చూసుకుని చేసుకున్న పెళ్లి అది.

మంచి జీతం, గౌరవమైన హోదా. మన భాషలో చెప్పాలంటే మంచి ప్యాకేజీ. చాలామంది కథ అక్కడితో ఆగిపోతుంది. రామన్ కథ అక్కడి నుంచి మొదలైంది.

కలకత్తా బౌబజార్ వీధిలో 210 నంబరు భవనం మీద ఒక బోర్డు ఆయన కంటపడింది: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్. మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టర్ 1876లో స్థాపించిన సంస్థ. భారతీయులు సొంతంగా పరిశోధన చేయాలన్నది ఆయన కల. ల్యాబ్ ఉంది, పనిముట్లు కొన్ని ఉన్నాయి, పరిశోధన చేసేవాళ్లే దాదాపు లేరు. రామన్ లోపలికి వెళ్లి, ఇక్కడ పనిచేసుకోవచ్చా అని అడిగారు. ఒప్పుకున్నారు.

అప్పటి నుంచి ఆయన దినచర్య ఇది: తెల్లారగానే ల్యాబ్, ఆ తర్వాత ఆఫీసు, ఆఫీసు నుంచి మళ్లీ ల్యాబ్, రాత్రికి ఇల్లు. ఆదివారాలు పూర్తిగా ల్యాబ్‌కే. మధ్యలో రంగూన్‌కి, నాగపూర్‌కి బదిలీలు. 1911లో మళ్లీ కలకత్తా. అక్కడ ఆయనకి తోడు అశుతోష్ డే అనే సహాయకుడు. యూనివర్సిటీ చదువు లేని ఆయనే పనిముట్లు బిగించి, ప్రయోగాలు నడిపేవాడు. ఆయన పేరుతో కూడా పరిశోధన పత్రాలు వచ్చాయి.

ఇలా పదేళ్లు. ఈ పదేళ్లలో కొన్న ఖరీదైన యంత్రాలేమీ లేవు. అందుకే శబ్దం ఎంచుకోవడంలో ఒక లెక్క కూడా ఉంది. తీగ, కమాను, ఇసుక, ఒక మోటారు, ఫొటో ప్లేటు ఉంటే శబ్దం మీద ప్రపంచస్థాయి పని చేయొచ్చు. కావాల్సిందల్లా ఏం కొలవాలో తెలియడం.

మనిషి చెయ్యిని తీసేసిన వయొలిన్

వయొలిన్ తీగ మీద కమాను లాగితే ఏం జరుగుతుందో హెల్మ్‌హోల్ట్జ్ కొంత చెప్పాడు. తీగ కాసేపు కమానుకి అంటుకుని దాంతో పాటు కదులుతుంది, పట్టు తప్పి వెనక్కి జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. ఆ క్రమంలో తీగ మీద ఒక మెలిక లాంటిది పుట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకి తిరుగుతూ ఉంటుంది. రామన్ ఈ విషయాన్ని ఇంకా లోతుకి తీసుకెళ్లారు. అలాంటి మెలికలు రెండు, మూడు, ఇంకా ఎక్కువ ఉంటే తీగ ఎలా కదులుతుందో లెక్క కట్టి, ఫొటోల్లో పట్టి చూపించారు. 1918లో దీని మీద పెద్ద గ్రంథమే ప్రచురించారు.

వయొలిన్, సెల్లో వాయించేవాళ్లకి ఒక పాత తలనొప్పి ఉంది. ఏదో ఒక స్వరం దగ్గర వాయిద్యం మొండికేస్తుంది. నాదం నిలవకుండా కీచుమంటూ, ఊగుతూ, బొంగురుపోతుంది. దాన్ని పడమటి దేశాల్లో తోడేలు స్వరం అంటారు. వాయించేవాడి తప్పా, చెక్క తప్పా అని వాదించుకునేవాళ్లు. 1916లో రామన్ దానికి కారణం చెప్పారు. ఆ స్వరం ఫ్రీక్వెన్సీ, వాయిద్యం చెక్క శరీరం సహజంగా కంపించే ఫ్రీక్వెన్సీ ఒకటే అయినప్పుడు, చెక్క విపరీతంగా కదిలి తీగలోని శక్తిని లాగేసుకుంటుంది. అప్పుడు తీగని పట్టి ఉంచడానికి కమాను మీద పెట్టే ఒత్తిడి చాలదు. స్వరం తెగి, పై స్థాయికి దూకి, చెక్క శాంతించాక మళ్లీ వెనక్కి వస్తుంది. ఇదే మళ్లీ మళ్లీ. అందుకే ఆ ఊగుడు.

ఇది చెప్పడం ఒకెత్తు, కొలిచి చూపించడం ఒకెత్తు. ఇక్కడే అసలు ఇబ్బంది. వాయించేది మనిషి. మనిషి చెయ్యి ప్రతిసారీ ఒకే ఒత్తిడి పెట్టదు, ఒకే వేగంతో లాగదు. పైగా మంచి విద్వాంసుడైతే వాయిద్యంలో లోపం ఎక్కడుందో అక్కడ చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. అలాంటప్పుడు మనం వింటున్నది వాయిద్యమా, విద్వాంసుడా?

రామన్ మనిషి చెయ్యిని లెక్కలోంచి తీసేశారు. యంత్రంతో వాయించే వయొలిన్ ఒకటి తయారు చేశారు. మామూలుగా వయొలిన్ కదలకుండా ఉంటే కమాను కదులుతుంది. ఆయన ఏర్పాటులో కమాను ఒకచోట ఉంటుంది, వయొలినే మోటారు సాయంతో ముందుకీ వెనక్కీ ఒకే వేగంతో కదులుతుంది. కమాను ఎంత బరువుతో తీగ మీద ఆనుతోందో కొలవొచ్చు. ఇప్పుడు ఒక్కో స్వరానికీ, నాదం తెగకుండా నిలబడాలంటే కనీసం ఎంత ఒత్తిడి కావాలో కొలుచుకుంటూ పోయారు. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆ గ్రాఫ్‌ని ఊహించండి. అడ్డంగా స్వరం ఫ్రీక్వెన్సీ, నిలువుగా కావాల్సిన కనీస ఒత్తిడి. గీత చదునుగా లేదు. కొన్నిచోట్ల శిఖరాలు లేచాయి. ఆ శిఖరాలు ఉన్నచోటే వయొలిన్ శరీరపు రెజొనెన్సులు ఉన్నాయి. అంటే కమాను ఒత్తిడి అనే చిన్న కొలత ద్వారా ఆ చెక్క పెట్టె స్వభావం మొత్తం బయటపడింది.

ఈసీఈ వాళ్లకి ఇక చెప్పక్కర్లేదు. ఇవాళ మనం స్పీకర్ బాక్సుకి ఇంపీడెన్స్ కర్వ్, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గీసి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర బాక్సు ఉప్పొంగుతోందో చూసేది ఇదే ఆలోచనతో. రామన్ స్పీకర్ డిజైన్ చేయలేదు. కానీ ధ్వనినిచ్చే పెట్టెని ఎలా ప్రశ్నించాలో ఆయనకి తెలుసు: మిగతావన్నీ కదలకుండా పట్టుకో, ఒక్కటే మార్చు, వచ్చినదాన్ని రాసుకో.

చర్మం స్వరం పలికిన కథ

1917లో అశుతోష్ ముఖర్జీ పిలుపు మీద రామన్ కలకత్తా యూనివర్సిటీలో పాలిత్ ప్రొఫెసర్‌గా చేరారు. దానికోసం ఆర్థిక శాఖ ఉద్యోగం వదిలేశారు. కొత్త జీతం పాతదాంట్లో సుమారు సగం. ఇంట్లో భార్య, ముందు సుఖమైన పెన్షన్ దాకా పరుచుకున్న దారి. అన్నీ తెలిసే వదిలారు.

మూడేళ్ల తర్వాత, 1920లో, నేచర్ పత్రికలో శివకాళి కుమార్‌తో కలిసి ఒక చిన్న పత్రం రాశారు. విషయం మన మృదంగం, తబలా.

దాని గొప్పతనం తెలియాలంటే ముందు చిన్న లెక్క చూడాలి. తీగని మీటితే అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దానికి 2, 3, 4, 5 రెట్ల ఫ్రీక్వెన్సీలు కూడా పుడతాయి. ఇలా పూర్ణాంకాల వరసలో ఉంటే చెవి వాటిని విడివిడిగా వినదు. అన్నీ కలిపి ఒక స్వరంగా, షడ్జమంగానో పంచమంగానో వింటుంది. ఇక గుండ్రటి చర్మాన్ని బిగించి కొడితే ఏమవుతుంది? గణితం ప్రకారం దాని ఫ్రీక్వెన్సీలు 1, 1.59, 2.14, 2.30, 2.65, 2.92 ఇలా పోతాయి. ఏదీ పూర్ణాంకం కాదు. అందుకే చెవికి స్వరం దొరకదు, దెబ్బ మాత్రమే వినిపిస్తుంది. డోలు వాయిద్యాలు లయకే గానీ స్వరానికి పనికిరావన్న మాట పడమటి భౌతికశాస్త్రంలో అలా స్థిరపడింది. హెల్మ్‌హోల్ట్జ్, రేలీ లాంటి వాళ్ల పుస్తకాల తర్వాత దాన్ని ప్రశ్నించేవాళ్లు లేరు.

కానీ మన కచేరీల్లో మృదంగాన్ని గాయకుడి శ్రుతికి కలుపుతారు. శ్రుతి కలవకపోతే కచేరీ మొదలవదు. స్వరమే లేని వాయిద్యాన్ని శ్రుతికెలా కలుపుతారు? విద్వాంసుల చెవి ఒకటి చెబుతోంది, పుస్తకాల లెక్క ఇంకొకటి చెబుతోంది. రామన్ చెవిని అనుమానించలేదు, లెక్కనీ కొట్టిపారేయలేదు. రెండూ నిజమైతే మధ్యలో ఏదో ఉండాలని వెతికారు. అది కళ్లెదుటే ఉంది: చర్మం మధ్యలో ఉండే నల్లటి పూత.

ఇనుప ధాతువున్న రాతి పొడిని అన్నం ముద్దతో కలిపి, పొర మీద పొర వేసి, ప్రతి పొరనీ రాయితో రుద్దుతూ ఆ పూత పెడతారు. మధ్యలో మందంగా, అంచుల వైపు పల్చగా ఉంటుంది. దానివల్ల ఏమవుతుందో చూడండి. చర్మం మొత్తం ఒకేసారి పైకీ కిందకీ ఊగే మొదటి కంపనంలో మధ్యభాగమే ఎక్కువ కదులుతుంది. అక్కడ బరువు పెడితే ఆ కంపనం బాగా నెమ్మదిస్తుంది. రెండో కంపనంలో చర్మం రెండు సగాలుగా విడిపోయి, ఒకటి పైకెళ్తే ఇంకొకటి కిందకొస్తుంది. దాంట్లో సరిగ్గా మధ్య గీత కదలనే కదలదు. కాబట్టి బరువు ప్రభావం తక్కువ. మొదటిది బాగా తగ్గి, రెండోది కొంచెమే తగ్గేసరికి వాటి మధ్య దూరం పెరుగుతుంది. 1.59 దగ్గర ఉండాల్సిన నిష్పత్తి 2కి చేరుతుంది.

అక్కడితో ఆగలేదు. చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, వేలితో ఒక్కోచోట తాకుతూ కొట్టి, ఇసుక ఎక్కడ పోగవుతుందో చూశారు. కదలని గీతల దగ్గర ఇసుక నిలబడి కంపనం ఆకారం కనిపిస్తుంది. అలా తొమ్మిది రకాల కంపనాలు లెక్క తేలాయి. ఆ తొమ్మిదీ కలిసి ఐదే ఫ్రీక్వెన్సీల్లో సర్దుకున్నాయి: 1, 2, 3, 4, 5. మొదటి రెండు స్థానాల్లో ఒక్కో కంపనం, మూడు, నాలుగు స్థానాల్లో రెండేసి, ఐదో స్థానంలో మూడు. అంటే తీగ పలికే వరసనే చర్మం పలుకుతోంది.

దీని అర్థం ఏంటి? మృదంగం తయారుచేసే ఆ పనివాళ్లు డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాయలేదు. ఒక పొర పూసి, ఎండనిచ్చి, రుద్ది, తట్టి విని, ఇంకో పొర వేశారు. తరాల తరబడి చెవి చేసిన కొలత అది. రామన్ చేసింది ఆ చెవికి లెక్క చూపించడం. చెవిదే గెలుపు అనో, కొలతదే గెలుపు అనో ఇక్కడ చెప్పలేం. చెవి ముందు వెళ్లి దారి కనిపెట్టింది. అది ఎందుకు సరైన దారో కొలత చెప్పింది.

మన డప్పుని దీంతో పోల్చి చూడండి. డప్పుకి నల్లటి పూత ఉండదు. మంటకి కాచి చర్మాన్ని బిగిస్తారు. దాని ఫ్రీక్వెన్సీలు పూర్ణాంకాల వరసలో ఉండవు, అందుకే అది స్వరం పలకదు, గుండెని తడుతుంది. అది తక్కువ వాయిద్యమనడానికి లేదు. వీధిలో వందల మంది మధ్య దూరానికి వినిపించాల్సిన వాయిద్యానికి కావాల్సింది వేరు. ఏది మంచి శబ్దం అనే ముందు, ఆ శబ్దం ఏ పని కోసం అని అడగాలి.

స్పీకర్ కోన్ దగ్గర ఇదే భౌతికశాస్త్రం తలకిందులుగా పనిచేస్తుంది. స్పీకర్ కూడా గుండ్రటి పొరే, మధ్యలో కాయిల్ బరువు ఉంటుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర కోన్ మొత్తం ఒక్కటిగా కదులుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మృదంగం చర్మంలాగే ముక్కలుగా విడిపోయి కంపించడం మొదలుపెడుతుంది. మృదంగానికి ఆ కంపనాలే ప్రాణం. స్పీకర్‌కి అవే జబ్బు. ఎందుకంటే వాయిద్యానికి సొంత గొంతు ఉండాలి, స్పీకర్‌కి సొంత గొంతు ఉండకూడదు. ఇంజనీర్లు కోన్ ఆకారాన్నీ, కాగితం మిశ్రమాన్నీ, అంచున ఉండే రబ్బరునీ మార్చి మార్చి ఆ కంపనాల్ని అణిచేది అందుకే.

గోల్ గుంబజ్, ఓడ ప్రయాణం, కాంతి

వీణ, తంబురా మీద కూడా ఆయన అదే పద్ధతిలో పనిచేశారు. తీగని ఎక్కడ మీటితే అక్కడ కదలకుండా ఉండాల్సిన అనుస్వరాలు వినపడకూడదని పాత సూత్రం. తంబురాలో అవి వినపడతాయి. తీగ ఆనుకునే గుర్రం వంపుగా, వెడల్పుగా ఉండటమే దానికి కారణమని రామన్ చూపించారు. తంబురా నాదంలో ఆ ఝుంకారం అక్కడి నుంచే వస్తుంది.

1921లో మొదటిసారి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు లండన్ సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటంలో ఒక గోడ దగ్గర గుసగుసలాడితే అవతలి గోడ దగ్గర వినిపించే వింతని పరీక్షించారు. తిరిగొచ్చాక బీజాపూర్ గోల్ గుంబజ్‌లో, కలకత్తాలోని కట్టడాల్లో అదే చూశారు. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి పైన బాలా హిస్సార్‌లో వినపడుతుందని గైడ్ చెప్పగానే మనం ఆశ్చర్యపోయి ఫొటో దిగి వచ్చేస్తాం. రామన్ అలాంటి చోట ఎంత దూరంలో ఎంత వినిపిస్తోందో కొలుస్తూ నిలబడే రకం.

ఆ ప్రయాణమే ఆయన దారి మార్చింది. తిరుగు ప్రయాణంలో, నార్కుండా ఓడ మీద నుంచి, సముద్రపు నీలం చూసి ఆ రంగు ఆకాశం ప్రతిబింబం కాదని తేల్చుకున్నారు. అక్కడి నుంచి కాంతి పరిక్షేపణం, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్. ఆ 1928లోనే అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం కలకత్తాలో ఆయన దగ్గర చేరారు. ఈ భగవంతం గారే తర్వాత ఆంధ్ర యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్, మన ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అలా రామన్ ల్యాబ్ పద్ధతి మన దాకా వచ్చింది.

నోబెల్ వచ్చాక చాలామంది పాత సరదాలు వదిలేస్తారు. రామన్ 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు, 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించారు. ఆ అకాడమీ పత్రిక మొదటి సంపుటంలోనే మళ్లీ మృదంగం మీద వివరమైన పత్రం రాశారు. 1935, 36ల్లో నాగేంద్రనాథ్‌తో కలిసి, ద్రవంలో అల్ట్రాసౌండ్ పంపితే దానిగుండా వెళ్లే కాంతి ఎలా విడిపోతుందో సిద్ధాంతం చెప్పారు. శబ్దం, కాంతి రెండూ అక్కడ కలిశాయి.

మరి నచ్చడం సంగతి?

రామన్ కొలిచింది శబ్దాన్ని. వినేవాడి ఇష్టాన్ని కూడా కొలవొచ్చా? దాన్ని ఆయన కాలంలోనే ఇంకొందరు మొదలుపెట్టారు. హార్వర్డ్ ప్రొఫెసర్ సాబిన్ 1902లో బోస్టన్ సంగీత కళాశాలలోని పియానో గదుల్లో మెత్తలు తెచ్చి పెడుతూ, తీస్తూ, గదిలో నాదం ఎంతసేపు నిలిస్తే బాగుందో సంగీతకారులని అడిగారు. విడివిడి గదులు, అయినా వాళ్ల జవాబులన్నీ సుమారు 1.1 సెకన్ల దగ్గరే తేలాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ మనిషి చెవిని కొలిచి, తక్కువ వాల్యూమ్‌లో మనకి బేస్ సరిగ్గా వినపడదని గ్రాఫులతో చూపించారు. మన మూడోవాడి బేస్ పిచ్చికి సగం కారణం అదే. సౌండ్ పెంచగానే బేస్ పెరిగినట్టు, స్పీకర్ బాగున్నట్టు అనిపిస్తుంది.

స్పీకర్ల విషయంలో ఈ పనిని పూర్తిగా చేసింది కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్. రామన్ వయొలిన్ నుంచి మనిషి చెయ్యిని తీసేసినట్టే, ఆయన వినేవాడి నుంచి కళ్లని తీసేశారు. స్పీకర్లని తెర వెనక పెట్టి, వాల్యూమ్ సమానం చేసి, మార్కులు వేయమన్నారు. బ్రాండ్, ధర, సైజు కనపడనప్పుడు జనం ఇష్టాలు మనం అనుకున్నంత వేర్వేరుగా లేవు. ఎక్కువమంది ఎంచుకున్నవి, ఎదురుగానూ పక్కలకీ గ్రాఫ్ చదునుగా, సాఫీగా ఉన్న స్పీకర్లే. ఆయన సహచరుడు షాన్ ఆలివ్ 268 మందితో చేసిన పరీక్షలో శిక్షణ ఉన్నవాళ్లు, లేనివాళ్లు దాదాపు ఒకే వరసలో స్పీకర్లని ఎంచుకున్నారు. 2004లో ఆయన కేవలం కొలతల నుంచే, జనానికి ఏది ఎంత నచ్చుతుందో ముందుగా చెప్పే లెక్క కూడా ఇచ్చారు. అది 0.86 కోరిలేషన్‌తో సరిపోయింది. 1 కాదు, 0.86. మిగిలిన కొంచెంలో గది ఉంది, పాట ఉంది, మనిషి ఉన్నాడు.

కాబట్టి హాస్టల్ గొడవ తీర్చుకోవాలంటే దారి ఉంది. రెండు స్పీకర్లు, ఒక దుప్పటి తెర, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో సమానం చేసిన వాల్యూమ్, ఒకే పాట. ఏది మోగుతోందో చెప్పకుండా మార్చేవాడు ఒకడు. అందరూ విడిగా కాగితం మీద మార్కులు వేయాలి. తర్వాతే గ్రాఫ్ తెరవాలి. మృదంగం నేర్చుకునే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఒక స్పెక్ట్రమ్ యాప్ పెట్టి కుడివైపు వాయించమనండి. ఆ శిఖరాల మధ్య దూరాలు కొలవండి. 1920లో నేచర్‌లో అచ్చయిన ఫలితం మీ ఫోన్ స్క్రీన్ మీద కనపడుతుంది.

ఆఖరి ఉపన్యాసం

రామన్ 1948లో బెంగళూరులో తన సొంత పరిశోధనా సంస్థ మొదలుపెట్టారు. 1954లో భారతరత్న వచ్చింది. ఆయన మాట కటువు, ఎవరికీ తలవంచే స్వభావం కాదు, దానివల్ల గొడవలూ చాలానే వచ్చాయి. ముసలితనంలో ఆయన ప్రశ్నలు ఒక కొత్త వైపు తిరిగాయి. జీవితమంతా శబ్దాన్నీ, కాంతినీ కొలిచిన మనిషి, వాటిని అందుకునే మనిషి ఇంద్రియాల వైపు చూశారు. పువ్వుల రంగులు కంటికి ఎలా తెలుస్తాయని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1968లో చూపు గురించి పుస్తకం తెచ్చారు.

ప్రతి ఏటా అక్టోబర్ 2న తన సంస్థలో గాంధీ స్మారక ఉపన్యాసం ఇవ్వడం ఆయన అలవాటు. 1970లో ఇచ్చిందే ఆఖరిది. దానికి ఆయన ఎంచుకున్న విషయం చెవి: లోపలి కోక్లియా శబ్దాన్ని ఎలా గ్రహిస్తుందన్నది. ఏడు వారాల తర్వాత, నవంబర్ 21న, 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఏ కర్మకాండా లేకుండా సంస్థ తోటలోనే దహనం చేశారు.